టెహ్రాన్ ఇచ్చిన డాక్టరేటు

పట్టాలు అందుకుంటున్న మీకూ, వెనక వరుసల్లో కూర్చుని మిమ్మల్నే చూస్తున్న మీ అమ్మానాన్నలకూ అభినందనలు.

మీ చేతుల్లోని పట్టాలు చూస్తుంటే నాకు మరో పట్టా గుర్తొస్తోంది. 1953 ఆగస్టులో ఇరాన్ ప్రధాని మొసద్దెగ్‌ను కుట్ర చేసి దించేశారు. దేశపు చమురును జాతీయం చేయడమే ఆయన నేరం. వెనకుండి నడిపించింది అమెరికా, బ్రిటన్ గూఢచారులు. ఇరాన్ రాజు షా సింహాసనం పదిలమైంది. అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్ రాక దగ్గరపడుతుండగా, డిసెంబరు 7న సైనికులు టెహ్రాన్ విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ విభాగంలోకి చొరబడి కాల్పులు జరిపారు. ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. కొద్దిరోజులకే అదే విశ్వవిద్యాలయం నిక్సన్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అదీ న్యాయశాస్త్రంలో! ఆ మాట చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

ఆ తర్వాత పాతికేళ్లు జనం అన్నీ చూశారు. సావాక్ రహస్య పోలీసుల చిత్రహింసలు చూశారు. అమెరికా సైనిక సిబ్బంది ఇరాన్ గడ్డ మీద నేరం చేసినా ఇరాన్ కోర్టులు విచారించకూడదని 1964లో చేసిన చట్టం చూశారు. 1971లో పెర్సెపొలిస్ శిథిలాల పక్కన, పారిస్ వంటవాళ్లు వండి వడ్డించిన రాచవిందు చూశారు. 1975లో ఒక్క పార్టీ తప్ప మరొకటి ఉండకూడదన్నారు. అదీ చూశారు.

1977 అక్టోబరులో టెహ్రాన్‌లో పది రాత్రులు కవులు, రచయితలు సభలు జరిపితే వేలమంది వచ్చారు. వానలో తడుస్తూ విన్నారు. ఆ డిసెంబరు 31న షా ఇచ్చిన విందులో అమెరికా అధ్యక్షుడు కార్టర్ మాత్రం ఇరాన్‌ను సుస్థిరమైన దీవి అని పొగిడారు. తొమ్మిది రోజులకే కోమ్ నగరంలో జనం మీద తుపాకులు పేలాయి.

ఇరాన్‌లో చావుకు నలభయ్యో రోజు పెద్దది. హైదరాబాద్ ముస్లిం ఇళ్లలో చెహలుం చేస్తారే, అదే. కోమ్ మృతుల నలభయ్యో రోజున తబ్రీజ్ రగిలింది. తబ్రీజ్ మృతుల నలభయ్యో రోజున యజ్ద్. సంతాపాన్ని ఏ చట్టంతో నిషేధిస్తారు? శరత్తు వచ్చేసరికి చమురు కార్మికులు పని ఆపేశారు. మొసద్దెగ్‌ను దించింది ఏ చమురు కోసమో, ఆ చమురే ఆగిపోయింది. 1979 జనవరి 16న షా దేశం వదిలి వెళ్లాడు.

తర్వాత వచ్చిన పాలకులూ విద్యార్థులను జైళ్లలో పెట్టారు. డిసెంబరు 7ను మాత్రం ఇరాన్‌లో ఇప్పటికీ విద్యార్థి దినంగా పాటిస్తారు. 2009లో ఆ రోజున టెహ్రాన్ విద్యార్థులు మళ్లీ గొంతెత్తారు, ఈసారి ఆ కొత్త పాలకుల మీద.