పట్టికలో దొరకని విద్యార్థిని



ఎవరి పేరున ఈ ఉపన్యాసం పెట్టారో ఆ మాస్టారు మాకు అనాటమీ చెప్పారు. గర్భసంచి తీసే ఆపరేషన్‌లో మూత్రనాళానికి ఎక్కడ దెబ్బ తగులుతుందని అడిగేవారు. గర్భాశయ ధమని దాని మీదుగా దాటే చోట. ధమని గురించి ఒక పేజీ, మూత్రనాళం గురించి ఒక పేజీ విడివిడిగా అప్పజెప్పినవాడికి ఆ చోటు తెలియదు. నేనివాళ మాట్లాడేది అలా దాటే చోటు గురించే, కాకపోతే మనుషుల బతుకుల్లో.

దీన్ని ఇంటర్‌సెక్షనాలిటీ అంటున్నారు. నేను కూడలి అంటాను. 1989లో ఈ పేరు పెట్టిన అమెరికా న్యాయశాస్త్ర అధ్యాపకురాలు కింబర్లే క్రెన్‌షా కూడా నాలుగు రోడ్ల కూడలినే పోలికగా తీసుకున్నారు. ఆవిడ పరిశీలించిన కేసు ఆసుపత్రిది కాదు, కార్ల కంపెనీది. ఎమ్మా డిగ్రాఫెన్‌రీడ్, మరో నలుగురు నల్లజాతి మహిళలు జనరల్ మోటార్స్ మీద దావా వేశారు. 1964కి ముందు కంపెనీ నల్లజాతి ఆడవాళ్లను పనిలోకి తీసుకోలేదు. మాంద్యం వచ్చి, చివర చేరినవాళ్లను ముందు తీసేసినప్పుడు 1970 తర్వాత చేరిన నల్లజాతి ఆడవాళ్లంతా పోయారు. 1976లో కోర్టు ఏమంది? కంపెనీలో ముందునుంచీ ఆడవాళ్లున్నారు కదా, అంది. ఉన్నది తెల్లవాళ్లు. జాతి వివక్ష అంటారా, నడుస్తున్న మరో కేసులో కలవండి, అంది. రెండూ కలిపి కొత్త వర్గాన్ని పుట్టించలేమంది.

మన వైద్య విద్యా పరిశోధనలు చదువుతుంటే నాకు ఆ కోర్టే గుర్తొస్తుంది. ఆడా మగా ఒక పట్టిక, రిజర్వేషన్ కేటగిరీ ఇంకోటి, తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం మూడోది. మూడింటిలోనూ పి విలువ 0.05 దాటితే తేడా లేదని రాసేస్తాం. ఆశ్రమ పాఠశాలలో చదివి ఏజెన్సీ నుంచి వచ్చిన అమ్మాయి మూడు పట్టికల్లోనూ ఉంది, ఎక్కడా కనిపించదు. వైవాలో ఆమె తడబడితే ఇంగ్లీషు రాదనుకుంటాం. ఆ తడబాటు భాషదా, రాత్రి హాస్టల్లో ఎవరో ర్యాంకెంతని అడిగినదా, వార్డులో పేషెంట్లు 'సిస్టర్' అని పిలిచినదా? (ఆ పిలుపును డాక్టర్లం చిన్నతనంగా ఎందుకు తీసుకుంటామన్నది మరో ఉపన్యాసం.) గోరుచుట్టు మీద రోకటిపోటులో గోరుచుట్టు వంతెంత, రోకలి వంతెంత అని ఎవరు లెక్కగడతారు?

అలాగని పట్టికకు గళ్లు పెంచితే కూడలి సిద్ధాంతం అయిపోదు. అది అడిగేది కాలేజీని. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితిపై సుఖదేవ్ థోరాట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక అధ్యాపకుల తీరును, ప్రాక్టికల్స్‌ను, వైవాను, హాస్టల్‌ను పట్టి చూసింది. ఈ సిద్ధాంతం పేరెత్తే మన పత్రాలు కొన్నిటికి ఆ మాత్రం తెగువ లేదు.

ఇలా పరిశోధించడంలో చిక్కులున్నాయి. బ్యాచ్‌లో అలాంటి అమ్మాయి ఒక్కతే ఉంటే గణాంకాలు పనికిరావు. ఇంటర్వ్యూ చేసి రెండు వాక్యాలు అచ్చేస్తే, పేరు మార్చినా ఎవరో కాలేజీ అంతటికీ తెలిసిపోతుంది. నాలుగు కాలేజీల మాటలు కలిపి, ఊరూ సంవత్సరం తీసేసి రాయాలి.

అసలు అడిగేదెవరన్నది అంతకంటే పెద్ద చిక్కు. ఇంటర్నల్ మార్కులు వేసే చేత్తోనే ఒకసారి నేను రికార్డరు పట్టుకు కూర్చున్నాను. అరగంటసేపు ఆ అమ్మాయి "బాగానే ఉంది సార్" అంటూనే ఉంది. ఆ మాట వచ్చిన ప్రతిచోటా, రాతప్రతి అంచున 'సంతృప్తి' అని కోడు రాసుకున్నాను.