నిద్రలో ఆగిన గుండె – నింద ఎవరి మీద?



మన పెద్దలు నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి బొంబాయికి వచ్చి, కట్టడాల దగ్గర కూలి చేశారు. కామాఠీలనే వారి పేరుతోనే కామాఠీపురా వెలసింది. చాళ్లలో ఒకే గదిలో ఇంటిల్లిపాదీ పడుకునే బతుకులు మనవి. అలాంటి గదిలో రాత్రి అన్నం తిని పడుకున్న పాతికేళ్ల కొడుకు తెల్లారి లేవకపోతే మనం ఏమంటున్నాం? దయ్యం పట్టిందంటున్నాం. తాగి పోయాడంటున్నాం. కోడలి కాలు మంచిది కాదంటున్నాం.

ఈ భయం మన ఒక్కరిదే కాదు. థాయ్‌లాండ్‌లో ఇలాంటి చావును ‘లాయ్ తాయ్’ అంటారు. విధవ దయ్యం మగవాళ్లను తీసుకుపోతుందని భయపడి, అక్కడి పల్లెల్లో కొందరు ఆడవాళ్ల బట్టలు వేసుకుని పడుకునేవారు. అక్కడా నింద విధవ మీదే!

1992లో బ్రుగాడా అనే ఇద్దరు అన్నదమ్ములు, వైద్యులు, ఒక గుండె జబ్బును వివరించారు. అది వారి పేరుతోనే పిలవబడుతోంది. ఇందులో గుండె చూడటానికి బాగానే ఉంటుంది. దాన్ని నడిపే విద్యుత్తులో పుట్టుకతోనే లోపం ఉంటుంది. ఒక్కసారిగా లయ తప్పి గుండె కొట్టుకోవడం మాని వణుకుతుంది. మగవారిలో, నిద్రలో, జ్వరంలో ప్రమాదం ఎక్కువ. నిద్రలో పోయిన ప్రతి ఒక్కరికీ కారణం ఇదే కాదు. కానీ ఇదే అయితే, తల్లి లేక తండ్రి నుంచి ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం.

అందుకే చావు ఇంట మనం మొదట అడగాల్సింది, ‘తమ్ముళ్లకు, పిల్లలకు ఈసీజీ తీయించారా?’ అని. నాయర్, జేజే ఆసుపత్రులు మనకు దగ్గరే. ఇంట్లో వయసులోనే ఒకరు నిద్రలో పోయారని డాక్టరుకు తప్పక చెప్పండి. ఒక్క ఈసీజీలో లోపం కనబడకపోవచ్చు, మళ్లీ తీయవలసి రావచ్చు. కళ్లు తిరిగి పడిపోవడం, నిద్రలో గురక లాంటి వింత శబ్దంతో ఎగశ్వాస, ఫిట్స్ లాంటివి ఉంటే ఆలస్యం చేయవద్దు. అవసరమైనవారికి ఛాతీలో అమర్చే చిన్న యంత్రం ప్రాణం కాపాడుతుంది. పక్కవాడు ఊపిరి ఆగి పడి ఉంటే 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ నడుమ గట్టిగా, వేగంగా నొక్కుతూనే ఉండండి.

పుట్టు గుడ్డివాణ్ణి చూసి ‘ఎవడు పాపం చేశాడు’ అని శిష్యులు అడిగితే, యేసు ఆ ప్రశ్ననే కాదన్నాడు. మనమూ కాదందాం. భర్తను పోగొట్టుకున్న ఆ చెల్లెలికి నింద కాదు, తోడు కావాలి. ఆమె బిడ్డను చెయ్యి పట్టుకుని ఈసీజీకి తీసుకువెళ్లేది మనమే కావాలి.