తిరునెల్వేలి కాల్పులకు మూడు జవాబులు



రాజ్యాన్ని ఎదిరించడం గురించి పుదుచ్చేరిలో మాట్లాడమంటే ఎవరైనా తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి దగ్గర మొదలుపెడతారు. నేను బెజవాడలో మొదలుపెడతాను.

1908 మార్చిలో వి.ఓ. చిదంబరం పిళ్ళైని అరెస్టు చేశారు. తెల్లవాళ్ల కంపెనీకి పోటీగా తూత్తుకుడి నుంచి స్వదేశీ ఓడలు నడిపిన మనిషి ఆయన. మర్నాడు తిరునెల్వేలి భగ్గుమంది. పోలీసులు కాల్చారు, ప్రాణాలు పోయాయి. ఆ కబురు బెజవాడ చేరింది. అక్కడ 'స్వరాజ్య' పత్రిక నడుపుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు 'విపరీత బుద్ధి' అని ఒక వ్యాసం రాశారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు నిండలేదు. రాజద్రోహమని కింది కోర్టు ఆరు నెలలు వేస్తే, అది చాలదని ప్రభుత్వమే హైకోర్టుకెక్కి మూడేళ్లు చేయించింది. ఒక్క వ్యాసానికండీ! సర్కారు దేనికి జడుస్తుందో తెలియాలంటే అది వేసిన శిక్షలు చూస్తే చాలు.

మద్రాసులో భారతి 'ఇండియా' పత్రికది కూడా అదే దారి. రికార్డుల్లో సంపాదకుడిగా పేరున్న ఆయన్ను జైలుకు పంపారు. భారతి ఈ ఊరు వచ్చేశారు. ఫ్రెంచి గడ్డ మీద పత్రికను అచ్చు వేయకుండా ఆపే అధికారం ఇంగ్లీషువాళ్లకు లేదు. అందుకని తమ సరిహద్దులోకి రానివ్వలేదు. పత్రిక ఇటు, చందాదారులు అటు. 1910లో మూతపడింది. మాటకు ఓటమే లేదని నేను చెప్పబోవడం లేదు. తపాలా సంచీ ఆపితే మాట ఆగింది.

మూడో జవాబు వాంచినాథన్‌ది. కాల్పులనాడు తూత్తుకుడిలో సబ్ కలెక్టరుగా ఉన్న ఆష్, 1911 నాటికి తిరునెల్వేలి జిల్లా కలెక్టరు. జూన్ 17న కొడైకెనాల్ వెళుతూ మణియాచ్చి జంక్షన్‌లో ఆగిన రైలు పెట్టెలో భార్యతో కూర్చుని ఉన్నాడు. వాంచి పెట్టెలోకి ఎక్కి కాల్చాడు. ప్లాట్‌ఫారం మీది మరుగుదొడ్డిలోకి పరుగెత్తి తననూ కాల్చుకున్నాడు. పిస్తోలు గురి నేర్చింది ఈ ఊళ్లోనే, విప్లవకారుడు వి.వి.ఎస్. అయ్యరు దగ్గర.

ఆ యువకుడి త్యాగాన్ని తక్కువ చేసే అర్హత నాకు లేదు. ఆ స్టేషనుకు ఇవాళ ఆయన పేరే ఉంది. అయితే కలెక్టరు కుర్చీ ఖాళీగా ఉండిపోలేదు. సర్కారుకు కావలసిన సాకు దొరికింది. కుట్ర కేసు పెట్టారు, శిక్షలు వేశారు. పుదుచ్చేరి వీధుల్లో బ్రిటిష్ గూఢచారులు మరీ ఎక్కువయ్యారు. తుపాకీ పట్టనివాళ్ల గుమ్మాల ముందూ కాపు కాశారు. కాల్పులు జరిపిన సర్కారు 1908లో ముద్దాయి. 1911 తర్వాత అదే ఫిర్యాది అయి కూర్చుంది. నా వాదమంతా ఈ ఒక్క మార్పు మీదే.

అదే నిఘా కింద భారతి ఏం చేశారో చూడండి. 1912లో 'పాంచాలి శపథం' మొదటి భాగం వెలువడింది. కొలువులో పెద్దలంతా నోరు మూసుకుంటే ద్రౌపది నిలదీసే కథ. మహాభారతాన్ని ఏ చట్టం కింద నిషేధిస్తారు? పత్రిక దాటలేని సరిహద్దును పురాణం దాటింది. గడుసుతనమంటే అదీ!

గాడిచర్ల దారి ఇంకా నిదానమైనది. జైలు నుంచి వచ్చాక గ్రంథాలయోద్యమానికీ, వయోజన విద్యకూ జీవితాన్ని అర్పించారు. అక్షరం రాని ఊళ్లో ఎంత పదునైన వ్యాసమైనా ఎవరు చదువుతారు? జైలుకు పంపిన వ్యాసం కన్నా, ఆ వ్యాసాన్ని చదవగలిగే జనాన్ని తయారుచేయడమే ఆయన చేసిన పెద్ద పని అని నా అభిప్రాయం.

ఈశ్వరన్ ధర్మరాజా కోయిల్ వీధిలో భారతి ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. పిల్లలను తీసుకెళ్తూనే ఉంటాం, మంచిదే. ఆ కాల్పుల మీద తెలుగులో రాసి జైలుకు వెళ్లిన గాడిచర్ల పేరు మాత్రం మన పిల్లలకు తెలియదు. ఈ ఏడాది వ్యాసరచన పోటీకి ఆయన్నే అంశంగా పెట్టమని నిర్వాహకులను కోరుతున్నాను. బహుమతి పుస్తకాలు నేనిస్తాను.