జయంతి జీతం ఏమైంది?

(విజయవాడలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నన్ను ప్రేమ నవలల గురించి మాట్లాడమన్నారు. కట్నం కేసులు, కోర్టు వాయిదాల మధ్య ఈ నవలల గొడవ ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ మన దగ్గరికి సలహా కోసం వచ్చే అమ్మాయి ప్రేమంటే ఏమిటో, మగవాడి కోపాన్ని ఎంతవరకు ఓర్చుకోవాలో అంతకుముందే ఎక్కడో నేర్చుకుని వస్తుంది. అలా నేర్పిన చోట్లలో నవల ఒకటి.

ఈ నవలలకు మన కృష్ణా జిల్లాతో దగ్గరి సంబంధమే ఉంది. యద్దనపూడి సులోచనారాణి పుట్టింది మొవ్వ దగ్గర కాజ గ్రామంలో. ఆమె 'సెక్రటరీ' 1960ల మధ్యలో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1976లో సినిమా అయింది. 'మీనా', 'జీవన తరంగాలు' అంతకుముందే 1973లో తెర మీదికి వచ్చాయి. వారపత్రికలు, చవక పాకెట్ పుస్తకాలు, అద్దె పుస్తకాల షాపులు కలిసి గడప దాటని స్త్రీ చేతికి కూడా నవలను అందించాయి.

ఆరడుగుల హీరో, పెద్ద కారు, మేడ, డబ్బులేకపోయినా ఆత్మాభిమానం ఉన్న నాయిక, ఇద్దరి మధ్యా ఒక అపార్థం, చివరికి పెళ్ళి. ఈ మూసను చూసి మనం వీటిని పగటి కలలని కొట్టిపారేశాం. చదివేవాళ్ళను మాత్రం ఏమీ అడగలేదు. అమెరికాలో జానిస్ రాడ్వే అడిగారు. 1984లో వచ్చిన ఆమె పుస్తకంలో పాఠకురాళ్ళు చెప్పిందేమిటంటే, ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసే రోజులో చదువుకునే ఆ కాసేపే తమదని. కథలో ఏముందన్నది ఒక విషయం, పుస్తకం పట్టుకుని కూర్చోవడం ఇంకో విషయం అని ఆమె విడదీసి చూపించారు.

కంకిపాడు వైపు ఒక పెద్దావిడతో నేను మాట్లాడాను. ఎనిమిదో తరగతితో ఆవిడ చదువు మాన్పించారు. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, బియ్యం డబ్బా వెనక దాచుకున్న నవల తీసి చదివేదట. "రాజశేఖరం అంటే ఇష్టంగా ఉండేదా అండీ?" అని నవ్వుతూ అడిగాను. "అతగాడిదేముందమ్మా, కారూ మేడా ఎవరికి తెలియనివి? ఆ జయంతి పొద్దున్నే చీర కట్టుకుని ఉద్యోగానికి బయల్దేరుతుంది చూడు, తన జీతం తను తెచ్చుకుంటుంది చూడు, అక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చునేదాన్ని" అంది.

ఆ మాటతో నా అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది. ఆవిడకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం ఉంది. కౌలు డబ్బు ఒక్కసారి కూడా ఆవిడ చేతికి రాలేదు. డెల్టాలో కాలవ నీళ్ళు పొలాల విలువ పెంచాయి. పొలం విలువతోపాటు కట్నాల రేట్లు పెరిగాయి. కూతుళ్ళకు పిత్రార్జిత ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. అయినా 'కట్నం ఇచ్చాంగా' అనే మాటతో ఆ హక్కును వదిలించుకునే ఇళ్ళు ఎన్నో మీకే తెలుసు. ఇలాంటి చోట, కట్నం అడగకుండా తనను తనుగా కోరుకునే మనిషి గురించి చదవడం పెళ్ళి బేరం మీద ఒక ఫిర్యాదే.

అయితే నవల ఆ ఫిర్యాదును వింటుంది గాని తీర్పు మాత్రం దారి తప్పిస్తుంది. ఆ బేరాన్ని మార్చదు, ఒక మంచి ధనవంతుణ్ణి తెచ్చి చూపిస్తుంది. అతని డబ్బు ఎవరి శ్రమ నుంచి వచ్చిందో చెప్పదు. పెళ్ళి తర్వాత జయంతి జీతం ఏమైందో అసలు చెప్పదు. ఆ పెద్దావిడ కోరుకున్నది సరిగ్గా అక్కడే మాయమవుతుంది.

ఈ మూసలో మనం నిలదీయవలసినవి మూడున్నాయి. అతని కోపం ప్రేమకు గుర్తు అనడం. వద్దన్నా వెంటపడటం గాఢమైన ప్రేమ అనడం. యజమానికీ ఉద్యోగినికీ మధ్య అధికారమే లేనట్లు కథ నడపడం. వెంటపడటాన్ని చట్టం 2013లో నేరంగా గుర్తించింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు 1997లో విశాఖ తీర్పు ఇచ్చింది, 2013లో చట్టం వచ్చింది. బీసెంట్ రోడ్డులో నలుగురైదుగురు పనిచేసే బట్టల కొట్లో సేల్స్‌గర్ల్ తన యజమాని మీద జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. మామూలుగా మూడు నెలల్లోపు చేయాలి. ఆ అమ్మాయికి రాజశేఖరం కథ తెలిసినంతగా ఈ కమిటీ సంగతి తెలియకపోవడం మన వైఫల్యం.

ప్రేమ నవల ఆగిన చోట ఓల్గా 'స్వేచ్ఛ' మొదలైంది. 1987లో వచ్చిన ఆ నవలలో అరుణ పుట్టింటి కట్టడి నుంచి బయటపడటానికి ప్రేమించి పెళ్ళి చేసుకుంటుంది, స్వేచ్ఛ అక్కడా లేదని తెలుసుకుంటుంది. ఆ నవలను మన శిక్షణల్లో చదివిస్తున్నాం, మంచిదే. కానీ 'సెక్రటరీ' చదివినవాళ్ళను చులకన చేసి 'స్వేచ్ఛ' చేతికిస్తే వాళ్ళు మర్యాదగా తీసుకుని పక్కన పెడతారు.

ఇప్పుడు అద్దె షాపులు పోయి ఫోన్లలో సీరియళ్ళు వచ్చాయి. రాసేవాళ్ళలో, చదివేవాళ్ళలో ఆడపిల్లలు చాలామంది. పొగరుబోతు బాస్, ఒప్పందం పెళ్ళి, పేద నాయిక మళ్ళీ కనిపిస్తున్నారు. చదవద్దని చెప్పడం మన పని కాదు. ఆ మాట ఇంట్లో ఎలాగూ అంటారు. వాళ్ళతో కూర్చుని చదువుదాం. నీకు ఎక్కడ నచ్చిందని ముందు అడుగుదాం. ఆమె వద్దన్నప్పుడు అతను ఆగాడా అని తర్వాత అడుగుదాం. పెళ్ళయ్యాక ఆమె జీతం ఎవరి ఖాతాలో పడుతోందని చివరగా అడుగుదాం. మూడో ప్రశ్నకు ఆ పిల్లలు కథ వదిలేసి తమ అమ్మల సంగతి చెప్పడం మొదలుపెడతారు. అప్పుడు మనం చెప్పడం ఆపి వినాలి.