క్రొత్త బాండులు - మన ఊరి పాట



బాండు అను మాట వినగానే మనలో పెద్దవారికి పెండ్లి ఊరేగింపులో ఎఱ్ఱకోట్లు తొడిగి బాకాలూదుచు నడచు మేళగాండ్రు జ్ఞప్తికి వత్తురు. నేడు నేను మనవి చేయబోవునది ఆ బాండును గుఱించి కాదు. నలుగురైదుగురు స్నేహితులు గిటారు, డ్రమ్ములు ముందు పెట్టుకొని, పాట తామే వ్రాసి, వరుస తామే కట్టి, తామే పాడుకొను బృందమునకు కూడ పాశ్చాత్య దేశములలో బాండు అనియే పేరు. ఈ శతాబ్దపు తొలి దశాబ్దమున పేరుపొంది, లోకమునందలి యువకుల చెవిని మార్చిన అట్టి బాండులు కొన్ని కలవు. వానిని గుఱించియు, వానితో మనకేమి పని అను విషయమును గుఱించియు నాలుగు మాటలు చెప్పెదను.

ఈ సంగీతమును ఇండీ రాక్ అనియు, ఆల్టర్నేటివ్ రాక్ అనియు పిలుచుచున్నారు. ఇండీ అనగా ఇండిపెండెంటు అను మాటకు కుఱుచరూపము, స్వతంత్రమని అర్థము. దేనినుండి స్వాతంత్ర్యము? పెద్ద రికార్డు కంపెనీల పెత్తనమునుండి. 1970 దశాబ్దపు చివర ఇంగ్లండులో కొందఱు ఉత్సాహవంతులు చిన్న చిన్న కంపెనీలు పెట్టి, పెద్దలు వలదన్న పాటలను తామే రికార్డులుగా వేసి అమ్మిరి. ఆల్టర్నేటివ్ అనగా వేఱొక దారి. 1980 దశాబ్దమున అమెరికాలో వాణిజ్య రేడియోలు ముట్టని రికార్డులను విశ్వవిద్యాలయములలో విద్యార్థులు నడపు చిన్న రేడియో కేంద్రములు వినిపించెడివి. ఈ సంగీతమును పెంచిన దాదులలో రేడియో యొకతె అని తెలిసికొనుట రేడియో ముందు కూర్చున్న మీకు సంతోషమే కలిగించును. పిమ్మట ఈ పేర్ల హద్దులు చెరిగిపోయి, పెద్ద కంపెనీలలో చేరిన బాండులకును అవియే నిలిచినవి. కాని మూలమందలి భావము మాత్రము పోలేదు.

2001 వ సంవత్సరమున న్యూయార్కు నగరమున ది స్ట్రోక్స్ అను అయిదుగురు యువకుల బాండు తన మొదటి రికార్డును వెలువరించెను. దాని పేరు 'ఈజ్ దిస్ ఇట్'. ఆ కాలమున స్టూడియోలలో కంప్యూటరు సహాయమున పాటను మెఱుగుపెట్టి అద్దమువలె నునుపు చేయుట పరిపాటి. వీరు ఒక నేలమాళిగలోని చిన్న స్టూడియోలో కూర్చుండి, గాయకుని గొంతును సయితము చిన్న ఆంప్లిఫయరు గుండ పోనిచ్చి, కొంచెము గీఱుకొనినట్లు వినబడునట్లు చేసిరి. మొత్తము పదునొకండు పాటలు; నలువది నిమిషములైనను పట్టదు. అచ్చువేసినది పెద్ద కంపెనీయే. ఐనను, ఇంత తక్కువ సామగ్రితో ఇంత చక్కని పాట పుట్టునా అని వందలకొలది యువకులు మఱల గిటారులు చేపట్టిరి.

మోటారుకారుల నగరమైన డెట్రాయిటునందు ది వైట్ స్ట్రైప్స్ అను మఱియొక బాండు ఉండెను. దానిలో ఉన్నది ఇద్దఱే: గిటారు మీద జాక్ వైట్, డ్రమ్ముల మీద మెగ్ వైట్. 2003 లో వెలువడిన 'ఎలిఫెంట్' అను రికార్డును వీరు లండను నగరమున చాలవఱకు పాతకాలపు యంత్రములతోనే తయారుచేసిరి. అందలి 'సెవెన్ నేషన్ ఆర్మీ' అను పాటకు మొదట ఏడు స్వరముల చిన్న వరుస యొకటి కలదు. 2006 లో ఇటలీ దేశము ఫుట్‌బాల్ ప్రపంచకప్పు గెలిచినప్పుడు వేలకొలది జనులు వీథులలో ఆ వరుసనే మాటలు లేకుండ పాడిరి. ఇద్దఱు మనుష్యులు కట్టిన వరుస జనసముద్రము నోట మ్రోగుట సామాన్యమైన సంగతి కాదు.

ఉక్కు పరిశ్రమకు పేరుగాంచిన షెఫీల్డు అను ఇంగ్లీషు పట్టణమునుండి ఆర్కిటిక్ మంకీస్ వచ్చిరి. వీరు తొలుత తమ పాటలను డిస్కుల మీద ఎక్కించి, కచేరీలకు వచ్చినవారికి ఊరకే పంచిపెట్టిరి. అభిమానులు వానిని ఇంటర్నెట్టులో పెట్టి ఒకరికొకరు అందించుకొనిరి. 2006 జనవరిలో డామినో అను స్వతంత్ర సంస్థ వీరి మొదటి రికార్డును వేయగా, బ్రిటనులో మొదటి వారముననే 3,60,000 ప్రతులకు పైగా అమ్ముడుపోయినవి. అందలి విషయమేమి? శనివారపు రాత్రి, టాక్సీ కొఱకు కాచుకొనుట, నృత్యశాల గుమ్మమున కావలివాడు త్రోసివేయుట. గాయకుడు అలెక్స్ టర్నర్ ఆ పాటలను లండను పెద్దమనుష్యుల ఉచ్చారణతో గాక, తన షెఫీల్డు యాసతోనే పాడెను.

ఇక చివరి ఉదాహరణము. కెనడాలోని మాంట్రియల్ నగరమున ఆర్కేడ్ ఫైర్ అను బాండు కలదు. వీరి మొదటి రికార్డు తయారగుచున్న కాలమున వీరిలో పలువురి యిండ్లలో ఆప్తులు మరణించిరి. కనుకనే 2004 లో వెలువడిన ఆ రికార్డునకు 'ఫ్యూనరల్', అనగా అంత్యక్రియ, అని పేరు పెట్టిరి. 2010 లో వెలువరించిన దాని పేరు 'ది సబర్బ్స్'. ఈ బాండులో అప్పుడుండిన విన్ బట్లర్, విల్ బట్లర్ అను సోదరులు టెక్సాసు రాష్ట్రములో హూస్టను నగరపు శివారున పెరిగినవారు. నగరము ప్రాకిప్రాకి పోయి, ఒకే తీరున ఇండ్లు లేచి, దుకాణముల వెనుక దుకాణములు కట్టబడిన ఆ శివారులే ఆ పాటలకు విషయము. చరిత్ర లేని చోటు, అందము లేని చోటు అని లోకము చిన్నచూపు చూచు స్థలమును వీరు పాటగా చేసిరి. మర్జ్ అను చిన్న సంస్థ అమెరికాలో వెలువరించిన ఆ రికార్డునకు 2011 లో గ్రామీ బహుమానములలో ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బము అను గౌరవము లభించెను.

శివారుల ప్రసక్తి వచ్చినది కనుక నేను కాపురముండు మణికొండకు వచ్చెదను. ఇది ఒకప్పుడు బండరాళ్ళ నడుమ నున్న జాగీరు గ్రామము. 1998 నవంబరులో మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభమైన పిమ్మట కంప్యూటరు కంపెనీలు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. వానిలో పనిచేయువారికి ఇండ్లు కావలెను గదా! బండలు పగులగొట్టి మేడలు లేపిరి. 2018 లో మణికొండ పురపాలక సంఘము కూడ ఏర్పడెను. నేడు ఇచ్చట జనము కిక్కిఱిసి యున్నారు. కాని "మీదే ఊరండీ?" అని ఎవరినైనను అడుగుడు. శ్రీకాకుళమందురు, ఖమ్మమందురు, అనంతపురమందురు. తరతరములుగా ఉన్న పాతకాపులు దక్క, మాది మణికొండ అనువారు అరుదు. పది సంవత్సరములు కాపురముండి, పిల్లలను కని, ఇల్లు కొనుక్కొన్నవారు సయితము ఊరనగా వేఱొక ఊరినే చెప్పుదురు. నేనును వారిలో ఒకడనే.

మా భవనమున పై అంతస్తులో నలుగురు పిల్లవాండ్రు అద్దెకుండిరి. పగలు కంపెనీలో పని. శని ఆదివారములలో గిటారులు, డ్రమ్ములు. డ్రమ్ములలో దిండ్లు క్రుక్కి ఎంత మెల్లగా వాయించినను క్రిందివారికి గుండె అదరెడిది. వారిని ఖాళీ చేయింపవలెనని ఒక అర్జీ తయారైనది. దాని మీద మొదటి సంతకము నాదే. ఆ సంగతి తెలిసి వారిలో ఒకడు నా యొద్దకు వచ్చి, "బాబాయిగారూ, ఆదివారం ఒక్కసారి పైకి రండి. ఒక్క పాట విని, అప్పుడు పొమ్మంటే పోతాము" అనెను.

పోయితిని. మొదట ఇంగ్లీషు పాటలు పాడిరి. షెఫీల్డు యాసను సయితము అనుకరించి పాడిరి! నేర్పు కలదు గాని నాకు నవ్వు వచ్చెను. తరువాత తాము వ్రాసిన తెలుగు పాట పాడిరి. అమ్మ ఫోనులో, ఇల్లు ఏ దిక్కునరా అని అడుగును. కొడుకు కిటికీలోనుండి చూచి, క్రేను దీపములను, నీళ్ళ టాంకరును చెప్పునే గాని ఇల్లు ఇదీ అని చూపలేడు. తాళము రెండు చోట్ల తప్పినది, ప్రాసయు కుదురలేదు. ఐనను, పది సంవత్సరములుగా నేను దినమును చూచుచున్న ఆ క్రేను దీపమును నిజముగా చూచినది ఆనాడే. మఱునాడు నా సంతకము కొట్టివేసితిని. చర్చ మీద చర్చ జరిగి, తుదకు ఆదివారము సాయంకాలము రెండు గంటలు సెల్లారులో వాయించుకొనుటకు అనుమతి యిచ్చిరి. న్యూయార్కు స్ట్రోక్సువారిది నేలమాళిగ, మావారిది సెల్లారు!

సినిమాతో పనిలేని పాట మనకు క్రొత్త అని అనుకొనరాదు. గ్రామఫోను కాలమున మనకు ప్రైవేటు పాటలు అనునవి ఉండెడివి. టంగుటూరి సూర్యకుమారిగారు, రావు బాలసరస్వతీదేవిగారు, ఎం. ఎస్. రామారావుగారు పాడిన అట్టి పాటలను ఇంటింట వినిరి. రేడియోలో లలితసంగీతమునకు బాలాంత్రపు రజనీకాంతరావుగారు చేసిన సేవ మఱువరానిది. క్రమముగా సినిమాపాట మహావృక్షమై, ఆ చిన్న మొక్కలు నీడలో పడినవి. సినిమాపాటను నేను నిందింపను. మా ప్రక్కనే చిత్రపురి కాలనీలో ఆ పరిశ్రమ మీద బ్రదుకు కుటుంబములెన్నియో కలవు. కాని సినిమాపాటకు ముందు కథ కావలెను, కథకు నాయకుడు కావలెను. మణికొండ నీళ్ళ టాంకరు మీద పాట కావలెనని ఏ నిర్మాత అడుగును? ఎవరును అడుగని పాటను పాడుటయే ఈ బాండుల పని.

మన పొరుగున కేరళములో అవియల్ అను బాండు 2008 లో మలయాళ భాషలోనే రాక్ పాటల రికార్డును వెలువరించెను. పలు కూరలు కలిసిన వంటకము పేరును అది సార్థకముగనే పెట్టుకొన్నది. మన హైదరాబాదుననే చౌరస్తా అను తెలుగు బాండు వెలసెను. నగరమునకు వచ్చినవాడు విసిగి, తిరిగి ఊరికి పోయెదనని చెప్పు వీరి పాట, 'ఊరెళ్ళిపోతా మామా', మన కంపెనీల పిల్లల నోట ఎంతగా ఆడినదో మీరెఱుగుదురు. 2020 లో కరోనా వచ్చినప్పుడు, చేతులు కలుపక దండము పెట్టుడని వాడుకభాషలో పాట కట్టి జనులకు బోధించినవారును వీరే. వీరిలోని రామ్ మిరియాలగారు పిమ్మట 'జాతిరత్నాలు', 'డీజే టిల్లు' చిత్రములలో పాడి సినిమా గాయకులైరి. ప్రతిభకు అన్నము పెట్టు చోటికి ప్రతిభ పోవుట తప్పు కాదు. సినిమా వెలుపల అన్నము పెట్టు చోటు మనము చూపకపోవుటయే తప్పు.

ఊరెళ్ళిపోతానను పాట మనకు వచ్చినది. అది సత్యమైన పాటయే. కాని అందఱును వెళ్ళిపోవుట లేదు. లక్షలకొలది జనులు ఇచ్చటనే ఉండిపోవుచున్నారు. ఇచ్చట పుట్టిన పిల్లలకు తిరిగి పోవుటకు వేఱొక ఊరు లేదు. వారికి ఇదియే ఊరు కావలెను. కాపురముండుటచేత మాత్రమే చోటు ఊరు కాదు. దాని పేర జాతర, సామెత, పాట ఏర్పడినప్పుడు ఊరగును. షెఫీల్డు పిల్లలు తమ టాక్సీలను, హూస్టను శివారు సోదరులు తమ వీథులను పాటలో నిలిపిరి. వారినుండి మనము నేర్వవలసినది గిటారు వాయించు తీరు కాదు, యాస అంతకంటెను కాదు. తానున్న చోటును తన నోటితో చెప్పుకొను ధైర్యము.

కావున శ్రోతలారా, మీ భవనమున పిల్లలు వాయించుచున్నచో తలుపు తట్టి ఆపుటకు ముందు ఒక్క పాట వినుడు. ఆదివారము రెండు గంటలు సెల్లారో, కమ్యూనిటీ హాలో ఇప్పించుడు. కచేరీ పెట్టినచో టిక్కెట్టు కొని పోయి కూర్చుండుడు. మా పై అంతస్తువారిలో డ్రమ్ములు వాయించునతడు ఉద్యోగము మీద బెంగుళూరు పోయినాడు. తక్కిన ముగ్గురు ఆదివారమున సెల్లారులో కారుల నడుమ నిలిచి, డ్రమ్ములు లేకుండగనే ఆ పాట పాడుకొనుచున్నారు. క్రేను దీపమును గుఱించిన చరణమునకు ఇప్పుడు ప్రాస కుదిరినది.