యోనా ప్రవక్త కథ – అందలి ధర్మసందేశము



యోనా ప్రవక్త యనగానే పలువురకు అతనిని మ్రింగిన పెద్ద చేపయే తలపునకు వచ్చును. యూదుల పవిత్రగ్రంథమున ఈ కథ 4 అధ్యాయములు, 48 వచనములు గలది. అందు చేప ప్రస్తావన 3 వచనములలో మాత్రమే కలదు. కథకు ప్రాణము చేప కాదు. శత్రువునకును దైవకరుణ లభింపవచ్చునా యను ప్రశ్నయే.

యోనా ఇశ్రాయేలు దేశీయుడు. నీనెవె అష్షూరు సామ్రాజ్యపు మహానగరము. ఆ సామ్రాజ్యమే క్రీ.పూ. 722 ప్రాంతమున ఇశ్రాయేలు రాజ్యమును కూలద్రోసినది. అట్టి నగరమునకు పోయి హెచ్చరింపుమని దేవుడు యోనాను ఆజ్ఞాపించెను. అతడు ఓడనెక్కి వేరొక దిక్కునకు పారిపోయెను. సముద్రమున తుపాను రేగెను. ఆ ఓడవారు అన్యమతస్థులు. తన్ను సముద్రమున పడవేయుడని యోనాయే చెప్పినను, వారు అతని ప్రాణము కాపాడుటకై ఒడ్డు చేరవలెనని శక్తికొలది తెడ్లు వేసిరి. ప్రవక్తకు లేని దయ పరాయివారియందు కనబడినది.

చేప కడుపున 3 దినములుండి బయటపడిన పిమ్మట యోనా నీనెవెకు పోయి, 40 దినములలో నగరము నాశనమగునని చాటెను. రాజు సింహాసనము దిగి గోనెపట్ట కట్టి బూడిదలో కూర్చుండెను. జనులు హింసను విడనాడిరి. దేవుడు వారి క్రియలను చూచి శిక్షను మాన్చెను. వారి గోనెపట్టను, ఉపవాసమును చూచి కాదు, క్రియలనే చూచి మాన్చెనని యూదుల పెద్దలు ఉపవాసదినములందు జనులకు బోధించుచుండిరి. క్షమ యనగా అన్యాయమును కప్పిపుచ్చుట కాదనుటకు ఇదియే నిదర్శనము.

అప్పుడు యోనాకు కోపము వచ్చెను. తాను మొదట పారిపోయినది భయముచేత కాదు; దేవుడు దయామయుడు గనుక ఆ నగరమును క్షమించునని యెరిగియే పారిపోతినని చెప్పెను. నగరము వెలుపల కూర్చున్న అతనికి దేవుడు ఒక చెట్టు నీడ కల్పించెను. తెలుగు బైబిలు దానిని సొరచెట్టనినది. ఆముదపు చెట్టని పలువురు పండితుల యభిప్రాయము. మరునాడు పురుగు పట్టి అది వాడిపోయెను. దాసరి పురుగు పట్టిన ఆముదపు చేను నెరిగిన నల్లగొండ, మహబూబునగరు రైతులకు యోనా దుఃఖము తెలియనిది కాదు. అంతట దేవుడు అడిగెను: నీవు నాటని, పెంచని చెట్టుకై ఇంత దుఃఖించితివి గదా! కుడియెడమ లెరుగని 1,20,000 మందికి మించిన జనులును, పశువులును గల నగరమును గూర్చి నేను జాలిపడ రాదా?

ఆ ప్రశ్నతోనే గ్రంథము ముగియును. యోనా ఉత్తరము అందు లేదు. చదువరియే ఉత్తరము చెప్పవలెను.

ఇది దూరదేశపు ప్రశ్న కాదు. హైదరాబాదు సంస్థానపు తుదిదినములలో రజాకార్ల దౌర్జన్యమునకు ఎన్నియో పల్లెలు గురియైనవి. 1948 సెప్టెంబరు సైనికచర్య పిమ్మట సంస్థానమున పలుచోట్ల ఏ నేరమెరుగని ముస్లిము కుటుంబములు ప్రతీకారమునకు బలియైనవి. నేరము చేసినవానిని న్యాయస్థానము విచారింపవచ్చును. కాని వాని కులమునందో, మతమునందో పుట్టిన పసివాడు కుడియెడమ లెరుగనివాడే గదా!

యూదులు ప్రాయశ్చిత్త దినమున సాయంసమయమందు ఈ కథను చదువుదురు. క్రైస్తవుల బైబిలునందును ఇది కలదు. ఖురానులో 10వ అధ్యాయమునకు యూనుసు నబీ పేరే పెట్టబడినది. గ్రామములో ఏండ్ల తరబడి మాటలు లేని రెండిండ్లవారును గ్రంథాలయమున ఒకే బల్లవద్ద కూర్చుండి చదువుకొందురు. అవతలి యింటివాడు తప్పు దిద్దుకొని వచ్చిననాడు ఇవతలివాడు సంతోషించునా, యోనావలె అలిగి కూర్చుండునా? ఆ ఉత్తరము ఎవరి యింట వారే చెప్పుకొనవలెను.