గోడ మీది బొమ్మకు సర్వీసు రిజిస్టరు లేదు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో డి.ఏ. బకాయిల సంగతి వదిలి సినిమా పోస్టర్ల మీద మాట్లాడతానంటే కార్యదర్శిగారు నవ్వారు. అయినా పది నిమిషాలు ఇచ్చారు. ఆ గడువులోనే ముగిస్తాను.

మన రామసముద్రం ప్రాంతంలో ఆ రోజుల్లో సినిమా అంటే టూరింగ్ టాకీసు. నేల, బెంచీ, కుర్చీ. పెద్ద హాలు కావాలంటే మదనపల్లెకో పుంగనూరుకో పోవలసిందే. సినిమా చూడడానికి డబ్బులు లేనివాడికి కూడా పోస్టరు మాత్రం ఉచితమే. రచ్చబండ పక్క గోడ మీద అంటించేవారు. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి జిగురు చేసేవారు. ఆ పిండి రుచి మరిగిన మేకలు సగం పోస్టరు నమిలేసేవి. మిగిలిన సగంతో మేము కథ ఊహించుకునేవాళ్లం.

ఇక్కడొక విషయం గమనించండి. 1957లో వచ్చిన మాయాబజార్ నలుపు తెలుపు చిత్రం. పూర్తిగా రంగుల్లో తీసిన తొలి తెలుగు చిత్రం లవకుశ వచ్చింది 1963లో. అంతవరకూ తెర మీద కృష్ణుడూ బూడిదరంగే, పట్టుచీరా బూడిదరంగే. రంగులన్నీ గోడ మీదే ఉండేవి. కిరీటానికి పసుపు, మేనికి నీలం, కత్తి మీద మెరుపు వేసింది కెమెరా కాదు, పోస్టరు చిత్రకారుడి కుంచె. సినిమాలో లేనిదాన్ని మన కళ్లకు ఇచ్చినవాడు అతను. పోస్టరంటే ఉత్త ప్రకటన అనుకునేవారికి నా జవాబు ఇదే.

ఆ పని తేలిక కాదు. పబ్లిసిటీ డిజైనరు మద్రాసులో స్టిల్ ఫోటోలు ముందు పెట్టుకుని అట్ట మీద బొమ్మ వేసేవాడు. సినిమా పేరు కూడా చేత్తో రాయవలసిందే. పౌరాణికానికి ఒక వంపు, జానపదానికి ఒక పదును, సాంఘికానికి ఒక సొగసు. తర్వాత లిథో ప్రెస్సులో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు. రాతి మీద నేరుగా రాసేటప్పుడు అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయాలి. ఒక షీటు 30 అంగుళాలు, 40 అంగుళాలు. పెద్ద పోస్టరైతే ఆరు షీట్లు గోడ మీద కలిపి అంటించాలి. అతుకు అర అంగుళం తప్పితే కథానాయిక ముక్కు వంకరపోయేది! మద్రాసులోనో శివకాశిలోనో అచ్చయిన ఆ కట్టలు సీడెడ్ పంపిణీదారుల ద్వారా మనదాకా వచ్చేవి.

మనది సరిహద్దు ప్రాంతం. అటు కోలారు జిల్లాలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదివినవారు ఎందరో. కుప్పం వైపు తమిళం కూడా కలుస్తుంది. చదువు రానివారి సంగతి సరే, మరో లిపిలో చదివినవారికి కూడా బొమ్మే సమాచారం చెప్పేది. గద కనిపిస్తే భీముడు, విల్లు కనిపిస్తే రాముడు.

నేను కచేరీలో గుమాస్తాగా ఉన్నప్పుడు 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద లైసెన్సు ఫైళ్లు నా బల్ల మీదికి వచ్చేవి. ఇసుక బకెట్లు ఎన్ని, నీళ్ల బకెట్లు ఎన్ని, వైరింగు సర్టిఫికెట్టు ఉందా లేదా, అన్నీ రాసేవాళ్లం. జనాన్ని డేరాదాకా రప్పించిన బొమ్మ ఎవరు వేశారో ఏ కాగితంలోనూ ఉండేది కాదు.

పేరు దక్కినవారు కొందరున్నారు. పాలకొల్లులో పుట్టిన ఈశ్వర్‌గారు బాపుగారి తొలి చిత్రం సాక్షికి 1967లో పనిచేసి, తర్వాత రెండు వేలకు పైగా చిత్రాలకు పబ్లిసిటీ రూపొందించారు. 'సినిమా పోస్టర్' అనే పుస్తకం కూడా రాశారు. 2021లో కన్నుమూశారు. బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్న ఎం.ఎఫ్.హుస్సేన్ తర్వాత ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. కానీ మన ఊళ్లలో గుడ్డ బ్యానర్లు రాసినవారు, గోడకు సున్నం కొట్టి అక్షరాలు దిద్దినవారు? కంప్యూటర్లు, ఫ్లెక్సులు వచ్చాక వారి చేతిలో పని పోయింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దానం కాదు, హక్కు అని చెప్పింది కాబట్టి మనం ఈ రోజు పండుగ చేసుకుంటున్నాం. వారికి హక్కు మాట అటుంచి, ఫలానా వాడు ఇన్నేళ్లు పనిచేశాడని చెప్పే సర్వీసు రిజిస్టరు కూడా లేదు.

కాగితం పోతే ఏమవుతుందో గుమాస్తాకు చెప్పనక్కరలేదు. మన తొలి తెలుగు టాకీ, 1932 నాటి భక్త ప్రహ్లాద ప్రింటే నేడు దొరకడం లేదు. అలాంటి చిత్రాలకు మిగిలేది ఏ కాగితం ముక్కో మాత్రమే.

కాబట్టి మూడు మనవులు. ట్రంకు పెట్టెలో, గూటిలో పరిచిన పాత పోస్టరో, కరపత్రమో, పాటల పుస్తకమో ఉంటే పాత పేపర్లవాడికి తూకానికి వెయ్యకండి. మడత విప్పి, ఎండ తగలకుండా, చెమ్మ లేనిచోట పెట్టండి. రెండు, ఇంట్లో ఉంచే వీలు లేకపోతే పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవుకు రాయండి. 1964లో ఏర్పడిన ఆ సంస్థ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసింది. సినిమాలతోపాటు పోస్టర్లు, పాటల పుస్తకాలు కూడా అక్కడ భద్రపరుస్తారు. మూడు, మీ ఊళ్లో బ్యానర్లు రాసిన పెద్దాయన ఇంకా ఉంటే ఒక పూట పక్కన కూర్చుని ఆయన పేరు, ఏయే గోడలు రాశారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. మనవళ్లు సెల్‌ఫోనులో ఆయన మాట రికార్డు చేస్తారు.

నలభై ఏళ్లు ఇతరుల సర్వీసు రిజిస్టర్లు రాసిన చేతులు మనవి. ఈ ఒక్క రిజిస్టరు కూడా తెరుద్దాం. రాసినవి మన సంఘం కార్యాలయంలో ఇస్తే ఫైలు కట్టే బాధ్యత నాది.